మొరాయించే అద్దం... ఏం చెబుతోంది?

అరకు ప్రయాణమంటే బండికి సర్వీసింగ్ చేయిస్తాం. టైర్లలో గాలి, బ్రేకులు, కూలెంట్... అన్నీ చూసుకుంటాం. మరి కిటికీ అద్దాలు? వాటి సంగతి ఎవరికీ గుర్తుండదు. కొండెక్కాక అవే గుర్తుచేస్తాయి!

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలెడితే చల్లగాలికి ఎవరి వేలైనా కిటికీ బటన్ మీదికే పోతుంది. టైడా దగ్గర అద్దం దించుతాం. అనంతగిరిలో పొగమంచు కమ్మితే ఎత్తుతాం. కాఫీ తోటలు కనిపిస్తే మళ్లీ దించుతాం. మలుపుల్లో ఎదుటి బండి హారన్ వినపడాలన్నా కాస్త దించాల్సిందే. ఊళ్లో ఏసీ వేసుకుని తిరిగే కారు అద్దానికి నెలంతా లేని పని ఇక్కడ ఒక్క పూటలో పడుతుంది. బీడింగులో పేరుకున్న దుమ్ము, నీరసించిన మోటారు బయటపడేది అప్పుడే.

దిగిన అద్దం మళ్లీ పైకి రాలేదనుకోండి. వాన పడితే సీట్లు తడిసి ముద్దవుతాయి. కారు ఆపి బొర్రా గుహలు చూసొద్దామంటే బయట కోతుల మూక కాచుకుని ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున లంబసింగి వైపు వెళ్లేవాళ్ల అవస్థ చెప్పనే అక్కర్లేదు. ఎవరికైనా ఫోన్ చేద్దామంటే కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ అందదు. అందుకే ఈ చిన్న యంత్రం గురించి నాలుగు ముక్కలు తెలుసుకుని బయల్దేరడం మంచిది.

తలుపు లోపల ఏముంది?

అంబాసిడర్, ఫియట్, మారుతి 800ల రోజుల్లో హ్యాండిల్ తిప్పితే అద్దం కదిలేది. అమెరికాలో మాత్రం 1940లోనే ప్యాకార్డ్ కార్లలో ద్రవపీడనంతో కదిలే అద్దాలు వచ్చాయి. 1951లో క్రిస్లర్ ఇంపీరియల్ కారుతో విద్యుత్ మోటారు అద్దాలు మొదలయ్యాయి. ఇప్పుడు మన దగ్గర చిన్న కార్లలోనూ ఇవి మామూలే.

తలుపు లోపల 12 వోల్టుల మోటారు ఒకటి ఉంటుంది. కరెంటు ఒక దిశలో పారితే అద్దం పైకి, దిశ మారితే కిందికి. మోటారు తిరిగే బలాన్ని అద్దానికి అందించేది రెగ్యులేటర్. కొన్ని కార్లలో ఇది కత్తెరలా తెరుచుకునే ఇనుప చేతులతో ఉంటుంది. ఇంకొన్నింటిలో కప్పీల మీద తిరిగే సన్నని ఉక్కు తీగతో పనిచేస్తుంది. అద్దం పక్కకు ఒరగకుండా రెండు వైపులా రబ్బరు గాడులుంటాయి. ఇక మిగిలినవి స్విచ్, ఫ్యూజ్, వైర్లు. చెడిపోయేది ఏదైనా వీటిలోనే!

చెవితోనే పరీక్ష

ఏది చెడిందో తెలుసుకోవడానికి ముందుగా విప్పాల్సింది తలుపు కాదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్విచ్ నొక్కి చెవి ఒగ్గండి.

చప్పుడే లేకపోతే కరెంటు అందడం లేదని అనుమానించాలి. అన్ని అద్దాలూ ఒకేసారి ఆగిపోతే ఫ్యూజో, రిలేనో చూడాలి. డ్రైవర్ అద్దం పనిచేస్తూ మిగతావి వాటి స్విచ్‌లకు కదలకపోతే డ్రైవర్ పక్కనున్న లాక్ బటన్ ఎవరో నొక్కి ఉంటారు. చాలాసార్లు ‘రిపేరు’ అంతే! ఒక్క అద్దమే ఆగిందా? అది డ్రైవర్ దగ్గరి స్విచ్‌తో కదిలి, తన సొంత స్విచ్‌తో కదలకపోతే లోపం ఆ స్విచ్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. తలుపు కాస్త తెరిచినప్పుడు పనిచేసి, మూస్తే ఆగిపోతుంటే తలుపు సందులోని రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉంటుంది. వేలసార్లు వంగి వంగి తెగే వైరది.

స్విచ్ నొక్కినప్పుడు లోపలి లైటు కాస్త మసకబారితే మోటారుకు కరెంటు అందుతున్నట్టే. అద్దం ఎక్కడో బిగుసుకుంది, లేదా మోటారు పట్టేసింది. మోటారు గుయ్‌మని తిరుగుతున్నా అద్దం కదలకపోతే, టకటకమని చప్పుడొస్తే రెగ్యులేటర్ తీగో, పళ్లో పోయాయని అర్థం. మెల్లగా, ముక్కుతూ మూలుగుతూ పైకొస్తుంటే గాడులు ఎండిపోయాయి. ఇది ముందస్తు హెచ్చరిక. కొండెక్కకముందే బాగు చేయించుకోవాలి.

కొండ మీద ప్రథమ చికిత్స

బండిని మలుపులో కాకుండా వెడల్పైన చోట ఆపండి. పదేపదే నొక్కితే మోటారు వేడెక్కి తనంతట తానే ఆగిపోవచ్చు. పది నిమిషాలు వదిలేసి మళ్లీ చూడండి. అప్పటికీ కదలకపోతే ఒకరు స్విచ్‌ను పైకి నొక్కి పట్టుకుంటే, మరొకరు మోటారు ఉండే చోట తలుపును అరచేత్తో మెల్లగా తట్టాలి. అరిగిన మోటారు కొన్నిసార్లు ఆ కుదుపుకే కదులుతుంది. కదిలితే అద్దం పూర్తిగా ఎత్తేసి, ఇంటికి చేరేదాకా దాన్ని ముట్టుకోకండి! అద్దం అంచు పైకి కనిపిస్తుంటే లోపలా బయటా రెండు అరచేతులూ ఆనించి పైకి లాగుతూ స్విచ్ నొక్కించవచ్చు. వేళ్లు మాత్రం అంచు మీద పెట్టకూడదు.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజే వేయాలి. సిగరెట్ పెట్టె వెండి కాగితమో, తీగ ముక్కో చుట్టి నడిపిస్తే కాలేది వైరింగే. కొత్త ఫ్యూజూ వెంటనే పోయిందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ఇక ఆ ప్రయత్నం మానేయాలి. ఏదీ ఫలించకపోతే మందపాటి పారదర్శక ప్లాస్టిక్, వెడల్పు టేపు చాలు. డ్రైవర్‌కు పక్క అద్దం కనిపించేలా అతికించుకుని మెల్లగా దిగిరావచ్చు.

షెడ్డులో కళ్లు తెరిచి...

మెకానిక్ డోర్ ప్యాడ్ విప్పితే వెనక పల్చటి ప్లాస్టిక్ పొర కనిపిస్తుంది. పనికిరానిదని దాన్ని చించి పారేసేవాళ్లున్నారు. వాన నీరు కారు లోపలికి రాకుండా ఆపేది అదే. మళ్లీ అతికించమని అడగండి. తలుపు అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మూసుకుంటే లోపల నీరు నిలిచి తుప్పు పడుతుంది. గాడులకు ఇంజిన్ ఆయిల్, గ్రీజు పూయనివ్వకండి. దుమ్ము అంటుకుంటుంది, రబ్బరు పాడవుతుంది. శుభ్రంగా తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే చాలు. మోటారు మార్చాలని చెబితే, ముందు దానికి నేరుగా కరెంటిచ్చి చూపించమనండి. తిరిగితే తప్పు మోటారుది కాదు. మీ జేబుకు మేలు!

ఆగితే ఇబ్బంది... ఆగకపోతే?

ఇంతవరకూ అద్దం కదలకపోవడం గురించే. అంతకన్నా భయపడాల్సింది అది కదిలినప్పుడు. ఆ చిన్న మోటారు బలం పిల్లల మెడకు చాలా ఎక్కువ. 2023 మేలో సూర్యాపేట జిల్లాలో ఓ పెళ్లి వేడుకలో కారు కిటికీలోంచి తల బయటపెట్టిన బాలిక, అద్దం పైకి లేవడంతో మెడ ఇరుక్కుని చనిపోయింది. ఏదైనా అడ్డొస్తే వెనక్కి దిగే ఏర్పాటు కొన్ని కార్లలో ఉన్నా, చాలావాటిలో అది డ్రైవర్ కిటికీకే పరిమితం. స్విచ్‌ను నొక్కితే కాకుండా పైకి లాగితేనే అద్దం లేచేలా ఉండాలని అమెరికా 2005లో చట్టం తెచ్చింది. కిటికీలోంచి చూస్తున్న పిల్లల మోకాలు స్విచ్ మీద పడి ప్రమాదాలు జరగడమే కారణం.

తాళం లేకపోతే ఈ అద్దాలు సాధారణంగా కదలవన్నదీ మరవకూడదు. అరకు దారికి దగ్గర్లోని విజయనగరం మండలం ద్వారపూడిలో 2025 మే 18న ఆగి ఉన్న కారులో ఆడుకోవడానికి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు పడిపోయి, ఊపిరాడక చనిపోయారు. బయట వాడకుండా నిలిపిన కారైనా సరే, తాళం వేయకుండా వదలకూడదన్నది ఆ ఊరి కడుపుకోత నేర్పిన పాఠం.

అందుకే వెనక సీట్లో పిల్లలుంటే లాక్ బటన్ నొక్కి ఉంచండి. అద్దం ఎత్తేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, ‘చేతులు లోపల పెట్టుకోండర్రా’ అని గట్టిగా చెప్పండి. దిగేటప్పుడు తాళం చెవి జేబులో వేసుకోండి. ఏ మెకానిక్ అవసరమూ లేని పనులివి. పైసా ఖర్చు కూడా లేదు.