టైమ్‌లైన్‌ను మొదటి క్లిప్ నిర్ణయించకూడదు

పెన్‌పహాడ్‌లో జరిగే పెళ్లిని ఇవాళ ఒక్క కెమెరా తీయదు. మండపం ముందు స్టాండు మీది పెద్ద కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంటే, బారాత్‌లో గింబల్ పట్టుకున్నవాళ్లు 50 పెట్టుకుంటారు. పైన తిరిగే డ్రోన్ 30లో ఉంటుంది. చుట్టాల ఫోన్లు 30కి అటూ ఇటూ మారుతూ తీస్తాయి. సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఇవన్నీ ఎడిటింగ్ కోసం ఒకే టైమ్‌లైన్ మీదికి చేరతాయి. మొదటి క్లిప్‌ను లాగి వేయగానే చాలా సాఫ్ట్‌వేర్లు ఒక ప్రశ్న అడుగుతాయి: క్లిప్‌కు తగ్గట్టు టైమ్‌లైన్‌ను మార్చాలా, ఉన్నదే ఉంచాలా? తొందరలో నొక్కే ఆ ఒక్క బటన్ మొత్తం వీడియో నడకను తేల్చేస్తుంది. ముందు చేతికొచ్చింది డ్రోన్ క్లిప్ అయితే, దానికోసం ముహూర్తం ఘట్టమంతా తన ఫ్రేమ్ రేట్ వదులుకోవాల్సి వస్తుంది. అందుకే ఫ్రేమ్ రేట్‌ను మొదటి క్లిప్‌కు వదిలేయకూడదు. మండపంలోని వెలుగు, తీయబోయే కదలిక, చివరికి చూసే తెర, ఈ మూడింటినీ చూసి షూటింగ్‌కు ముందే నిర్ణయించుకోవాలి.

కారణం చిన్న లెక్కలో ఉంది. సెకనుకు 30 ఫ్రేములున్న క్లిప్‌ను 25 టైమ్‌లైన్‌లో పెడితే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పోతుంది. 25 క్లిప్‌ను 30లో పెడితే ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి రెండోసారి కనిపిస్తుంది. కూర్చుని మాట్లాడే మనిషి విషయంలో ఈ తేడా కంటికి ఆనదు. కెమెరా మెల్లగా పక్కకు తిరిగినప్పుడు మాత్రం ఆ కుదుపు సెకనుకు ఐదుసార్లు తగులుతుంది. 50ని 25లో పెడితే ఈ చిక్కు లేదు. ఒకటి విడిచి ఒకటి తీసేస్తే నడక సమంగానే ఉంటుంది. అదే 50 క్లిప్‌ను సెకనుకు 25గా చదవమంటే సగం వేగంతో నునుపైన స్లో మోషన్ వస్తుంది. అంటే ఫ్రేమ్ రేట్లు వేరుగా ఉండడం తప్పు కాదు, ఒకదాన్ని ఒకటి నిశ్శేషంగా భాగించకపోవడమే అసలు ఇబ్బంది. చిత్రం కొలతల తేడా దీనికంటే తేలిక: 3840×2160 చిత్రాన్ని సరిగ్గా సగానికి కుదిస్తే 1920×1080లో ఇమిడిపోతుంది. పోయిన క్షణాన్ని అలా కుదించీ సాగదీసీ తేలేం.

ఈ గొడవ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లతో పుట్టింది కాదు. టాకీలు వచ్చాక శబ్దం నిలకడగా వినిపించడానికి సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు స్థిరపడ్డాయి. టీవీ మాత్రం కరెంటు లయను పట్టుకుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి మన టీవీకి 25 ఫ్రేములు. అమెరికాలో 60 హెర్ట్జ్, కాబట్టి 30. అక్కడ 1953లో కలర్ వచ్చినప్పుడు ఆ 30 కాస్తా 29.97 అయింది. ఈ రెంటినీ ఒకటే అనుకుంటే గంటకు 108 ఫ్రేములు, అంటే 3.6 సెకన్ల తేడా పడుతుంది. పెదాలకూ మాటకూ పొత్తు కుదరకపోవడానికి అది చాలు. 50 హెర్ట్జ్ దేశాల టీవీల్లో 24 ఫ్రేముల సినిమాను 25 వేగంతో నడిపేవారు. అలా 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లోనే ముగిసేది, గొంతులు కొద్దిగా సన్నగా వినిపించేవి.

ఆ కరెంటు లయ మన మండపాల్లో ఇప్పటికీ ఉంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే చాలా దీపాలు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 సెకను ఉంటే ప్రతి ఫ్రేములోనూ సమానమైన వెలుగు పడుతుంది. 30 ఫ్రేములతో 1/60 పెడితే ఆ లెక్క తప్పి వీడియో మినుకుమంటుంది, చారలు పాకుతాయి. దీన్ని ఎడిటింగ్‌లో పూర్తిగా తుడిచేయడం కష్టం. సీరియల్ బల్బుల వెలుగులో సాగే మన పెళ్లిళ్లకు 25, 50 జంట నప్పడానికి ఇదే బలమైన కారణం.

కొత్త సాఫ్ట్‌వేర్ లేని ఫ్రేములను పుట్టిస్తుంది కదా అని అడగవచ్చు. పక్కపక్క ఫ్రేముల్లో కదలికను పోల్చి మధ్య చిత్రాన్ని అది ఊహిస్తుంది. వస్తువు పెద్దదై, కదలిక తిన్నగా ఉంటే ఆ ఊహ బాగానే కుదురుతుంది. తలంబ్రాల దగ్గర మాత్రం దెబ్బతింటుంది. వందల గింజలు ఒకదాన్నొకటి దాటుతూ, చేతుల వెనక మాయమై మళ్లీ తేలుతుంటే ఏ గింజ ఎటు పోయిందో దానికి అందదు. గింజలు కరిగిపోతాయి, వేళ్ల అంచులు సాగుతాయి. ఇంటివాళ్లు పదేపదే చూసుకునే ఘట్టంలోనే ఆ మరమ్మతు విఫలమవుతుంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. అందరూ ఫోన్లలోనే చూస్తున్నారు, చాలా తెరలు సెకనుకు 60సార్లు మారతాయి, 25 వాటికి సరిగ్గా కుదరదు, 30 కుదురుతుంది. ఇది నిజం. అన్ని కెమెరాలూ ఫోన్లే అయి, వీడియో ఫోన్లకే వెళ్లేదైతే 30 టైమ్‌లైనే మేలు. షట్టర్‌ను మాత్రం 1/50 లేదా 1/100 దగ్గర నిలిపితే దీపాల మినుకు రాదు. దీనివల్ల వాదన వీగిపోదు, మరింత స్పష్టమవుతుంది. అంకె 25 కావచ్చు, 30 కావచ్చు. దాన్ని కారణంతో ఎంచుకుని, అన్ని కెమెరాలకూ ముందే చెప్పాలి.

అప్పటికే కలగాపులగంగా వచ్చిన ఫుటేజీకి కూడా ఒక క్రమం ఉంది. ఫోన్ వీడియోల్లో చాలావాటికి ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు. వెలుగు తగ్గినా, ఫోన్ వేడెక్కినా మారుతుంది. ముందు వాటిని స్థిరమైన రేటుకు మార్చుకోవాలి, లేకపోతే మాట జారుతుంది. తర్వాత ముఖ్య ఘట్టాలు ఏ రేటులో ఉన్నాయో చూసి టైమ్‌లైన్‌ను దానికి కట్టాలి. శబ్దం లేని డ్రోన్ క్లిప్ 30లో ఉంటే 25గా చదివించవచ్చు; కాస్త నెమ్మదిస్తుందే తప్ప ఒక్క ఫ్రేమూ పోదు. మాటలున్న క్లిప్‌ల వేగం మాత్రం ముట్టుకోకూడదు, కుదుపు కనిపించే చోట షాట్‌ను కత్తిరించడమే మేలు. కొన్ని సాఫ్ట్‌వేర్లు క్లిప్‌లు చేర్చాక టైమ్‌లైన్ రేట్ మార్చనివ్వవు కాబట్టి, ఈ నిర్ణయం ఎడిటింగ్ మొదలుపెట్టకముందే జరగాలి. పెళ్లి మళ్లీ జరగదు. దాన్ని దాచిపెట్టే పని ఒప్పుకున్నవాళ్లు ఈ నిర్ణయానికి పట్టే కాసేపటి ఆలోచనను ఖర్చుగా కాక, తమ పనిలో మొదటి భాగంగా లెక్కవేసుకోవాలి.