విడిచి వెళ్లిన ఇంటిపై హక్కు: బోస్నియాలో అపోహలు, వాస్తవాలు

యుద్ధంలో ప్రాణభయంతో ఇల్లు విడిచి పారిపోయినవారు ఆ ఇంటిని వదులుకున్నట్టేనన్నది నిర్వాసితుల విషయంలో అన్నిటికంటే లోతుగా పాతుకుపోయిన అపోహ. 1992–95 యుద్ధంలో బోస్నియా హెర్జెగొవీనా జనాభాలో దాదాపు సగం, అంటే సుమారు 22 లక్షల మంది చెల్లాచెదురు కాగా, స్థానిక పాలకులు వారి ఇళ్లను ‘పరిత్యక్త ఆస్తి’గా ప్రకటించి ఇతరులకు కేటాయించారు. యుద్ధం ముగిశాక కూడా ప్రభుత్వ ఫ్లాట్ల విషయంలో, దేశంలోనే ఉన్నవారు 7 రోజుల్లో, విదేశాల్లో తలదాచుకున్నవారు 15 రోజుల్లో తిరిగి రాకుంటే హక్కు పోతుందని, దేశపు రెండు పాలనా విభాగాల్లో ఒకటైన బోస్నియా హెర్జెగొవీనా సమాఖ్యలో చట్టం చేశారు. శరణార్థికి ఇంతకంటే క్రూరమైన గడువును ఊహించడం కష్టం. అయితే 1995 డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలు జరిగిన డేటన్ ఒప్పందపు 7వ అనుబంధం స్వస్థలానికి స్వేచ్ఛగా తిరిగి వెళ్లే హక్కును, 1991 నుంచి జరిగిన ఘర్షణల్లో కోల్పోయిన ఆస్తిని తిరిగి పొందే హక్కును, అది సాధ్యం కానప్పుడు పరిహారం పొందే హక్కును గుర్తించింది.

ఈ రక్షణ సొంత ఇల్లున్నవారికే పరిమితమన్న మాట కూడా నిజం కాదు. యుగొస్లావియా కాలంలో పట్టణాల్లోని ఫ్లాట్లు చాలావరకు సామాజిక ఆస్తిగా ఉండేవి. వాటిలో కాపురమున్నవారికి యాజమాన్యం లేకపోయినా, సులభంగా తొలగించడానికి వీల్లేని స్థిర నివాస హక్కు ఉండేది. యుద్ధానంతర చట్టాలు ఆ హక్కును సైతం పునరుద్ధరించాయి.

ప్రస్తుతం ఆ ఇంట్లో ఉన్న కుటుంబం కూడా నిర్వాసితులదే అయితే ఏం చేయాలన్నది నిజంగా బాధాకరమైన ప్రశ్న. వారికి ప్రత్యామ్నాయ నివాసం చూపవలసిన బాధ్యత ప్రభుత్వానిదే తప్ప, ఆ భారాన్ని అసలు హక్కుదారు మోయాలనడం న్యాయం కాదు. పైగా ఇళ్లు ఆక్రమించినవారందరూ నిరాశ్రయులు కారు. సొంత ఇల్లు తిరిగి దక్కిన తరువాత కూడా రెండోదాన్ని ఖాళీ చేయనివారు, పలుకుబడి గల అధికారులు వారిలో ఉన్నారు. 1999లో, డేటన్ ఒప్పందం అమలును పర్యవేక్షించే అంతర్జాతీయ ఉన్నత ప్రతినిధి చట్టాలను కట్టుదిట్టం చేసి, అడ్డుపడిన 22 మంది అధికారులను పదవుల నుంచి తొలగించాకే ఇళ్ల అప్పగింత ఊపందుకుంది.

ఆస్తి తిరిగి పొందాలంటే అక్కడే నివసించి తీరాలన్నది మరో అపోహ. ఆస్తిని తిరిగి పొందడం, స్వస్థలానికి తిరిగి వెళ్లడం వేర్వేరు హక్కులు కనుక, తిరిగి దక్కిన ఇంటిని అమ్ముకుని మరోచోట స్థిరపడే స్వేచ్ఛ యజమానికి ఉంటుంది. 2004 నాటికి రెండు లక్షలకు పైగా ఆస్తి దరఖాస్తుల్లో 90 శాతానికి మించి పరిష్కారమయ్యాయి గాని, స్వస్థలాలకు చేరినవారు మాత్రం సుమారు 10 లక్షలే. భద్రత, ఉపాధి, పిల్లల చదువు కుదరని ఊళ్లలో ఇంటి తాళం చేతికొచ్చినా చాలామంది కాపురానికి వెళ్లలేకపోయారు.