క్లిప్పుల భాష తెలుసా?

‘క్లాస్ 2... ఓవర్‌జెట్ 8 మిల్లీమీటర్లు...’ డాక్టరు చెబుతుంటే అమ్మానాన్నలు తలూపేస్తారు. బయటికొచ్చాక ‘ఇంతకీ ఏమన్నారు?’ అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పళ్లకు క్లిప్పులంటే సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ల వ్యవహారం. ఖర్చూ తక్కువేం కాదు. అందుకే ఆ నాలుగు మాటలూ తెలుసుకుంటే మంచిది.

మూడు తరగతులు
పై పళ్లూ కింది పళ్లూ సరిగా కలవకపోవడమే మాల్‌అక్లూజన్. అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో దీన్ని మూడు తరగతులు చేశారు. ఆరేళ్లప్పుడు వచ్చే శాశ్వత దవడపళ్లే ఆయనకు కొలబద్ద. అవి చక్కగా కుదురుకుని మిగతా పళ్లు వంకర పోతే క్లాస్ 1. కింది దవడపన్ను ఉండాల్సిన చోటుకన్నా వెనక్కి ఉంటే క్లాస్ 2. ముందుకుంటే క్లాస్ 3.

ఎత్తు వేరు... కప్పు వేరు!
ఓవర్‌జెట్, ఓవర్‌బైట్ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. పై పళ్లు కింది పళ్లకన్నా ఎంత ముందుకొచ్చాయో చెప్పేది ఓవర్‌జెట్. మనం ఎత్తుపళ్లు అనేది ఇది ఎక్కువైనప్పుడే. ఆటల్లో పడితే ముందు దెబ్బ తగిలేదీ వాటికే. పై పళ్లు కింది పళ్లని నిలువుగా ఎంత కప్పాయో చెప్పేది ఓవర్‌బైట్. రెండూ 2, 3 మిల్లీమీటర్లుంటే మామూలే.

నోరు మూసినా పై, కింది ముందు పళ్లు కలవక సందు ఉంటే ఓపెన్‌బైట్. వేలు చీకే అలవాటు మానకపోవడం దీనికో కారణం. పై పన్ను కింది పన్నుకి లోపలివైపు దిగితే క్రాస్‌బైట్.

పళ్లదా... దవడదా?
డాక్టర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. లోపం పళ్ల వరుసలోనే ఉంటే, చిగుళ్లు, ఎముక ఆరోగ్యంగా ఉన్నంతవరకూ పెద్దయ్యాకా సరిచేయొచ్చు. దవడ ఎదుగుదలలో ఉంటే మాత్రం ఎదిగే వయసులోనే ట్విన్‌బ్లాక్ లాంటి పరికరాలు పనిచేస్తాయి. ‘పెళ్లీడుకొచ్చాక చూద్దాంలే’ అని ఆగితే, కొందరికి శస్త్రచికిత్స దాకా వెళ్లాల్సి రావచ్చు. అందుకే ఏడేళ్లకల్లా ఒకసారి చూపించమంటుంది అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం. చూపించినంత మాత్రాన అప్పుడే క్లిప్పులు వేసేస్తారని కాదు.

కదిపేది తీగే
పంటికి అతికించే చిన్న బిళ్ల బ్రాకెట్. వాటి మీదుగా సాగే తీగ ఆర్చ్‌వైర్. పై దవడ నుంచి కింది దవడకు తగిలించేవి ఎలాస్టిక్ రబ్బర్లు. తీగ నెమ్మదిగా నొక్కుతుంటే పంటికి ఒకవైపు ఎముక కరుగుతుంది, రెండోవైపు కొత్తగా పేరుకుంటుంది. పన్ను జరిగేది అలాగే. తొందరపడితే కుదరదు. తీసి పెట్టుకునే పారదర్శక తొడుగులు అలైనర్లు. వాటిని రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాల్సిందే.

అసలు పరీక్ష తర్వాతే!
క్లిప్పులు తీశాక పళ్లు పాతచోటికి పోవాలని చూస్తాయి. వాటిని పట్టి ఉంచేదే రిటైనర్. డబ్బాలో పెట్టి మర్చిపోతే రెండేళ్ల కష్టమూ వృథా. కాబట్టి వైద్యం మొదలుపెట్టకముందే ‘రిటైనర్ ఎన్నాళ్లు, రోజుకి ఎన్ని గంటలు?’ అని అడగండి. ఆ జవాబు పిల్లల ఎదుటే చెప్పించండి.