ఎయిర్ రైఫిల్‌కి హార్డ్ కేస్ కొంటున్నారా? పలకల దుమ్ము, ఆర్టీసీ డిక్కీ, నల్లమల చెక్‌పోస్ట్... మూడూ లెక్కలో పెట్టుకోండి

ఫోన్‌కి ఏ కవర్ బాగుంటుందని రోజూ అడుగుతుంటారు. ఈసారి గిద్దలూరు నుంచి మా మేనమామ కొడుకు అడిగింది వేరే. వాడు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటూ నెలకి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తుంటాడు. ఇంట్లో అప్పు చేసి కొన్న రైఫిల్ అది. "అన్నా, సాఫ్ట్ బ్యాగ్ సరిపోద్దా, హార్డ్ కేస్ కావాలా?" అన్నాడు. ఒక్క మాటలో తేలే విషయం కాదని చూడటం మొదలుపెట్టాకే అర్థమైంది.

ముందు ఒక క్లారిటీ. ఆన్‌లైన్‌లో కనిపించే రైఫిల్ కేస్ రివ్యూలు ఎక్కువగా అమెరికా వేటగాళ్ల కోసం రాసినవి. మన దగ్గర ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట అనేదే లేదు. కాబట్టి స్కోప్ బిగించిన పెద్ద వేట తుపాకీకి సరిపోయే కేస్ మనకి దండగ. మనకి కావాల్సింది పోటీ రైఫిల్‌కి పనికొచ్చేది.

అసలు ఏం కాపాడాలి? ఇనుప బారెల్‌ని కాదు, అది అంత తేలిగ్గా పాడవదు. కాపాడాల్సింది సైట్లని. చిన్న లెక్క వేద్దాం. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం సుమారు 80 సెంటీమీటర్లు అనుకోండి, టార్గెట్ పది మీటర్ల దూరం. వెనక సైట్ 0.1 మిల్లీమీటర్ పక్కకి జరిగితే గురి 1.25 మిల్లీమీటర్లు తప్పుతుంది. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే, ఒక్కో రింగ్ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు. అంటే కాగితం మందమంత కదలికకే అర పాయింట్ పోయింది! మ్యాచ్‌కి ముందు సైటర్ షాట్లలో దాన్ని సరిచేసుకోవచ్చు, నిజమే. కానీ బస్సు కుదుపులకి స్క్రూ వదులైతే మాత్రం ఒక్కో షాట్‌కి ఒక్కో చోట పడుతుంది, దానికి సైటర్లు ఏం చేస్తాయి?

అందుకే కేస్ బయటి డబ్బా కంటే లోపలి ఫోమే ముఖ్యం అంటాను. చాలామంది ఫోమ్‌ని రైఫిల్ ఆకారానికి అచ్చంగా, బిగుతుగా కోస్తారు. ఫొటోలో అదిరిపోతుంది కానీ పద్ధతి తప్పు. బరువంతా స్టాక్ మీద, యాక్షన్ మీద ఆనాలి. సైట్ల చుట్టూ ఒక సెంటీమీటర్ పైనే ఖాళీ వదలాలి, మూత వేసినా పై ఫోమ్ వాటికి తగలకూడదు. ఫోన్ కవర్లలో కెమెరా చుట్టూ అంచు ఎత్తుగా ఉంటుంది చూడండి, అదే లాజిక్.

ఫోమ్ రకం కూడా చూడాలి. పరుపుల షాపులో దొరికే మెత్తటి పాలీయురేథేన్ ఫోమ్ చవకే, కానీ ఐదు కేజీల రైఫిల్ బరువుకి అణిగిపోయి అడుగు తగులుతుంది. పైగా తేమ పీల్చుకుంటుంది, కొన్నేళ్లకి పొడిపొడిగా రాలుతుంది. టీవీ బాక్సుల్లో వచ్చే తెల్లటి పాలీఇథిలీన్ ఫోమ్ నయం. తేమ పట్టదు, ఆకారం నిలుస్తుంది. కేస్‌తో గుడ్డు ట్రేలాంటి మెత్తటి ఫోమ్ వస్తే, కింది పొర తీసేసి ఇది పెట్టుకోండి.

ఇక మన ఏరియాకి ప్రత్యేకమైన సమస్య దుమ్ము. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దని తరం మీదే కావచ్చు కానీ, పలకల యూనిట్ల పక్క నుంచి బైక్ మీద వెళ్లినవాళ్లకి ఆ బూడిదరంగు పొడి సంగతి తెలుసు. పలకరాయిలో క్వార్ట్జ్ ఉంటుంది. కోత పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్ని పాడుచేసేది ఆ సిలికా పొడే. అది మామూలు ఉక్కుని, లెన్సుని గీసేంత గట్టిది. సాఫ్ట్ బ్యాగ్ జిప్పు దాన్ని ఆపలేదు. ఇక్కడ మనకి తెలిసిన ఐపీ రేటింగే పనికొస్తుంది: ఐపీ67లో 6 అంటే దుమ్ము అస్సలు దూరదు, 7 అంటే మీటర్ లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుంది. మనకి 6 ముఖ్యం, 7 బోనస్. రేటింగ్ రాయని కేస్ అయితే మూత అంచున రబ్బరు రింగ్ చుట్టూతా ఉందో లేదో చూడండి. అంచులో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. ఏ మూలైనా సులువుగా జారివచ్చిందా, అక్కడ సీల్ లేనట్టే.

అయితే గాలి చొరబడని కేస్‌తో తిరకాసు ఒకటుంది. లోపలి తేమ కూడా బయటికి పోదు. సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి, ఇంటికెళ్లగానే మూత తెరిచి ఉంచండి.

పెలికాన్ 1750 గురించి అందరూ అడుగుతారు. ఐపీ67, లోపలి పొడవు సుమారు 128 సెంటీమీటర్లు, బండలాంటి కేస్. కానీ ఫోమ్‌తో కలిపి దాదాపు 12 కేజీలు! రైఫిల్ వేస్తే 17. దేశీయ విమానాల్లో చాలా టికెట్లకి చెక్-ఇన్ 15 కేజీలే, జాకెట్, ట్రౌజర్, బూట్లు ఇంకా లెక్కలోకి రాలేదు. గిద్దలూరు నుంచి రైల్లో, బస్సులో తిరిగే కుర్రాడికి ఇది భుజం నొప్పి తప్ప ఇంకోటి కాదు. నా ఓటు ఆరేడు కేజీల్లోపు పాలీప్రొపిలీన్ కేస్‌కి. తాళం రంధ్రాలకి లోహపు అంచు ఉండాలి, లాచీలు నాలుగు తగ్గకూడదు. కొనేముందు రైఫిల్ నుంచి సిలిండర్, బట్ ప్లేట్ విప్పి, మిగిలిన పొడవు టేపుతో కొలవండి. చాలాసార్లు ఒక సైజు తక్కువ కేసే సరిపోతుంది.

ఫోమ్ పనిచేస్తోందో లేదో తేల్చడానికి మన దగ్గర ఫోన్ ఉందిగా! ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో యాక్సిలరోమీటర్ రికార్డింగ్ ఆన్ చేసి, ఫోన్‌ని రైఫిల్ పక్కన ఫోమ్‌లో పెట్టి కంభం రోడ్డు మీద ఒక రౌండ్ వేయండి. తర్వాత అదే రోడ్డులో ఫోన్‌ని నేరుగా బండి ఫ్లోర్ మీద పెట్టి వేయండి. రెండు గ్రాఫుల్లో ముళ్ల ఎత్తు పోల్చండి. తేడా పెద్దగా లేదంటే ఫోమ్ మరీ గట్టిగా ఉందనో, అడుగు తగులుతోందనో అర్థం.

ఇప్పుడు అన్నిటికన్నా సీరియస్ విషయం, రూటు. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ మించని ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. పోటీ రైఫిళ్లు ఆ హద్దుకి బాగా కిందే ఉంటాయి. కానీ మార్కాపురం నుంచి దోర్నాల, శ్రీశైలం మీదుగా హైదరాబాద్ వెళ్లే రోడ్డు పులుల అభయారణ్యంలోంచి పోతుంది. అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లకూడదని వన్యప్రాణి చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టంలో ఆయుధం అంటే జంతువుని గాయపరచగల ఏ పరికరమైనా. ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదన్న వాదన అక్కడ నిలబడదు. చెక్‌పోస్ట్‌లో పొడవాటి నల్ల పెట్టె తెరవమన్నాక "స్పోర్ట్స్ అండీ" అని నచ్చజెప్పే పరిస్థితి ఎందుకు? మావాడికి గుంటూరు మీదుగా రైల్లో వెళ్లమని చెప్పాను. టైమ్ ఎక్కువే, కానీ కెరీర్ మొదట్లోనే కేసు పెట్టించుకోవడం కంటే నయం. కొన్న బిల్లు, గుర్తింపు కార్డు, పోటీ ఎంట్రీ లెటర్ కాపీలు కేస్‌లో కాదు, జేబులో ఉంచుకోవాలి. పెల్లెట్లు వేరే డబ్బాలో.

చివరిగా సిలిండర్. 200 బార్ నింపిన సిలిండర్‌ని మే నెలలో ఎండకి నిలిపిన కారులో వదిలేస్తే? 27 డిగ్రీల దగ్గర 200 ఉన్నది 67 డిగ్రీలకి దాదాపు 227 అవుతుంది. నల్ల కేస్ అయితే ఇంకా తొందరగా వేడెక్కుతుంది, అందుకే దొరికితే లేత రంగు తీసుకోండి. విమానంలో అయితే సిలిండర్ పూర్తిగా ఖాళీ చేసి, రైఫిల్ నుంచి విప్పి, చెక్-ఇన్ కౌంటర్‌లో ముందే చెప్పాలి. ఫోమ్ కోసేటప్పుడే దానికి వేరే గడి కోసిపెట్టుకుంటే కౌంటర్ దగ్గర రైఫిల్ మొత్తం బయటికి లాగే పని ఉండదు.