గిడ్డంగి కప్పునకు బోల్టుల లెక్క

సంఘములు ధాన్యమునకో యెరువులకో ఇనుప కప్పుగల గిడ్డంగి కట్టించునపుడు సభ్యులు యాంగిళ్ల తూకమును, రేకుల ధరను శ్రద్ధతో విచారింతురు. బోల్టుల మాట మాత్రము పనివానికే విడిచిపెట్టుదురు. బెజ్జంకి పరిసరములందు చైత్ర వైశాఖములలో ఈదురుగాలి లేచినపుడు మొదట పరీక్షకు వచ్చునవి ఆ అతుకులే.

రెండు పలకలు ఎదురెదురు దిశలకు లాగబడినపుడు నడుమనున్న బోల్టు, అడకత్తెరలోని పోకచెక్కవలె, అడ్డముగా తెగజూచును. ట్రాక్టరునకు ట్రాలీని తగిలించు పిన్నును పరికింపుడు. పైనొక పలక, క్రిందనొక పలక, నడుమ ట్రాలీ కొక్కెము. ఆ పిన్ను తెగవలెనన్న రెండుచోట్ల తెగవలయును గనుక దాని బలము రెట్టింపు. కొన్ని రోటవేటరుల షాఫ్టునందు గేరుపెట్టెను కాపాడుటకై తెగెడి బోల్టునే బుద్ధిపూర్వకముగా నుంతురు. మాటిమాటికి తెగుచున్నదని దానికి బదులు గట్టి బోల్టు వేసినచో గేర్లకే చేటు. కప్పున కావలసినది దీనికి సరిగా విరుద్ధము.

ఉక్కు కట్టడములకు 2007లో సవరింపబడిన భారతీయ ప్రమాణము 800 ననుసరించి లెక్కింతము. బోల్టు తలపై 4.6 అని యున్నచో, చదరపు మిల్లీమీటరునకు 400 న్యూటనుల తెంపుడు బలము గలదని యర్థము. 16 మి.మీ. బోల్టునకు మరచుట్లు గలచోట వైశాల్యము 157 చదరపు మి.మీ. ఒక్కచోట తెగునట్టి అతుకున నిది సుమారు 29 కిలోన్యూటనులను, అనగా మూడు టన్నులకు కొంచెము తక్కువను, ఓర్చును. మరచుట్లు లేని నున్నని భాగము కోతచోటికి వచ్చినచో వైశాల్యము 201 అగును, బలము 37కు పెరుగును. బోల్టు పొడవు ఎంచుటలోనే యింత భేదము గలదు! దీనితో పోల్చవలసినది ఊరక భారము గాదు, దానిని ఒకటిన్నర రెట్లు చేసినది. అట్లు హెచ్చించిన పిమ్మట ఒక కమ్మిపై 70 కిలోన్యూటనులు వచ్చెననుకొందము. మరచుట్లు కోతచోట నున్నచో మూడు బోల్టులు వలయును, రెండు చాలవు.

బోల్టు నిలిచినను పలక చీలవచ్చును. పలక పలుచనైనచో, రెండుచోట్ల తెగునట్టి అతుకునందును రెట్టింపు బలము దక్కదు. 16 మి.మీ. బోల్టునకు బెజ్జము 18 మి.మీ. ఉండవలయును. బెజ్జపు నడిమి నుండి పలక అంచునకు, చేతితో కోసిన అంచైన 31 మి.మీ., యంత్రముతో కోసినదైన 27 మి.మీ. ఎడము కావలయును. బోల్టు నడిమినుండి బోల్టు నడిమికి 40 మి.మీ.కు తక్కువ పనికిరాదు. గ్యాసుమంటతో బెజ్జములు పెద్దవిగా కాల్చి, వాషరుతో కప్పిపుచ్చు అలవాటును నేను మెచ్చను. పూర్వము రివిట్టును కాల్చి కొట్టగా అది బెజ్జమును నిండ పట్టియుండెడిది. రాజమహేంద్రవరమున 1900లో తెరచిన హేవలాకు వంతెన 1997వరకు రైళ్లను మోసినది అట్టి రివిట్లతోనే. బోల్టు అట్లు నిండదు గనుక బెజ్జపు కొలత తప్పరాదు.

పని ఒప్పగించుటకు ముందే, ప్రతి అతుకునకు బోల్టుల సంఖ్య, లావు, తలపై గుర్తు, పలక మందము, అంచు ఎడము వ్రాసిన పటమును ఇంజనీరు సంతకముతో తీసుకొనుడు. సామాను దిగిననాడు ఆ పటమును చేతబట్టి బోల్టు తలలు చదువుడు.