ఎనిమిది కిలోమీటర్లకు ఒక పల్లీల పొట్లం

కిరాణా కొట్టులో వంద గ్రాముల పల్లీలు తూచి, కాగితంలో చుట్టి ఇస్తే చేతికి బరువే అనిపించదు. మూడు గుప్పిళ్లు, అంతే. చొక్కా జేబులో ఇమిడిపోతుంది. 65 కిలోల మనిషి తెల్లవారక ముందే హైదరాబాద్ కార్వాన్‌లో బయల్దేరి, లంగర్‌హౌజ్ మీదుగా గోల్కొండ వైపు పరుగుతీసి, మొత్తం 8 కిలోమీటర్లు పూర్తిచేసి ఇల్లు చేరేసరికి ఒంట్లోంచి ఎంత శక్తి ఖర్చవుతుందో, దాదాపు అంతా ఆ పొట్లంలో ఉంది.

ఈ ఆదివారానికి సంపాదకులు అడిగింది ‘పరుగెత్తేవాళ్లు ఏం తినాలి’ అని. గడువు మూడు రోజులు. ఈ ప్రశ్నకు మామూలుగా దొరికే జవాబులన్నీ బరువు తగ్గాలనుకునేవాళ్ల కోసం రాసినవే. పోలీసు ఉద్యోగం కోసం రోజూ మైదానానికి వెళ్తూ, ఉన్న కాస్త కండా కరిగిపోతోందని దిగులుపడే సన్నటి కుర్రాడి గురించి ఎవరూ పెద్దగా రాయరు. ఇంటిల్లిపాదికీ వడ్డించి, చివర మిగిలింది తిని, మర్నాడు పొద్దున్నే బూట్లు కట్టుకునే అమ్మాయి గురించీ రాయరు. వాళ్లకు అక్కరకొచ్చే కాగితం ఏదైనా ఉందా అని వెతికితే మన ఊళ్లోనే దొరికింది. కార్వాన్‌కు నగరం అవతలి కొసన, తార్నాకలో.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ‘ఇండియన్ ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్’ అది. దేశం నలుమూలల నుంచి నమూనాలు తెప్పించి, 528 ఆహార పదార్థాలను ప్రయోగశాలలో పరీక్షించి, ఏ గింజలో ఏముందో అంకెలుగా పేర్చిన పుస్తకం. తెరవగానే కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది. శక్తి విలువలన్నీ కిలోజౌళ్లలో ఇచ్చారు. మనకు అలవాటైన కిలోక్యాలరీలు కావాలంటే 4.184తో భాగించుకోవాలి. పాలిష్ పట్టిన బియ్యం వంద గ్రాములకు 1,491 కిలోజౌళ్లు, అంటే 356 కిలోక్యాలరీలు. జొన్నలు 334. కందిపప్పు 331. పల్లీల దగ్గరికి వచ్చేసరికి 2,176 కిలోజౌళ్లు. భాగిస్తే 520.

ఆ 520 దగ్గర వేలు ఆగిపోయింది. పరుగుకయ్యే శక్తికి ఒక మోటు లెక్కుంది: కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి ఒక కిలోక్యాలరీ. వేగం పెరిగినా తగ్గినా ఈ అంకె పెద్దగా మారదు. 65ను 8తో గుణిస్తే 520. పుస్తకంలో అంకె, రోడ్డు మీద అంకె అచ్చంగా కలిశాయి.

కలిసింది ఒక్క శక్తే అయితే దీన్ని కాకతాళీయమని వదిలేయొచ్చు. మాంసకృత్తుల లెక్క కూడా చూడండి. ఇదే సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం 65 కిలోల పురుషుడికి రోజుకు 54 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఓర్పుతో కూడిన వ్యాయామాలు రోజూ చేసేవాళ్లకు కిలోకు కనీసం 1.2 గ్రాములన్నా ఉండాలని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. అంటే 78 గ్రాములు. తేడా 24. వంద గ్రాముల పల్లీల్లో ఉన్నవి దాదాపు 24 గ్రాములే! డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడుల్లో విషమేమీ లేదు. కానీ నెల జీతం చూసుకుని ఖర్చుపెట్టే ఇంట్లో ఆ డబ్బా కొనకపోతే పరుగే దండగ అన్నట్టు జరిగే ప్రచారం అన్యాయం. పల్లీలు మన చేలల్లో పండుతున్నాయి, మన పోపుల్లో వేగుతున్నాయి.

పల్లీలతోనే అన్నీ తీరవు. వాటిలో కొవ్వు పాలు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ. పరుగులో కాళ్ల కండరాలు ఖాళీ చేసుకునే నిల్వ గ్లైకోజెన్, అది మళ్లీ నిండేది అన్నంతో, రొట్టెతో, బెల్లంతో, అరటిపండుతో. అందుకే మన పల్లీపట్టి చాలా తెలివైన తిండి. పల్లీ, బెల్లం రెండూ ఒక ముక్కలో దొరుకుతాయి. సర్వపిండి కూడా అంతే. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చిన ఆ రొట్టె మీద నూనె మరకలు చూసి మొహం తిప్పుకునేవాళ్లు తిప్పుకోనీ. పరుగెత్తి వచ్చినవాడికి ఆ నూనె కూడా కావాలి.

అసలు చిక్కంతా కంచంలో ఉంది. 2020 సిఫార్సుల్లో మూడు వరుసలున్నాయి. కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు 2,110 కిలోక్యాలరీలు, ఓ మోస్తరు శ్రమకు 2,710, కాయకష్టానికి 3,470. 55 కిలోల స్త్రీకి ఇవే వరుసల్లో 1,660, 2,130, 2,720. రోజంతా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి పొద్దున 8 కిలోమీటర్లు పరుగెత్తితే అతని ఖర్చు 2,630కి చేరుతుంది. కాళ్లు రెండో వరుసకు దగ్గరపడ్డాయి, కంచం మాత్రం మొదటి వరుసలోనే ఉండిపోయింది. నెల తిరిగేసరికి లోటు 15,600 కిలోక్యాలరీలు. కాగితం మీద లెక్కేస్తే దాదాపు 2 కిలోల కొవ్వు.

నిజానికి అంత కచ్చితంగా దిగదు. లోటు చూసి శరీరం తన ఖర్చులు తగ్గించుకుంటుంది, ఆ తగ్గింపే ప్రమాదం. ఆడవాళ్లలో నెలసరి గతి తప్పుతుంది. ఎముకల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. చిన్న జలుబు వారాల తరబడి వదలదు, కారణం లేకుండా చిరాకు. ఈ లక్షణాల మూటకు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ‘రెడ్-ఎస్’ అని పేరుపెట్టింది. ఆటలో శక్తి కొరత వల్ల వచ్చే రుగ్మత అని అర్థం. బరువు చూసే యంత్రం మీద ముల్లు కదలకపోయినా ఇది రావచ్చు. అందుకే నెలసరి ఆగిన అమ్మాయికి ‘పరుగు వల్లేలే’ అని సర్దిచెప్పకుండా వైద్యుడికి చూపించాలి.

ఆకలేస్తే తింటాం కదా అంటారు. గట్టిగా పరుగెత్తిన తర్వాత ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను కాసేపు తగ్గిపోతుంది. దానికి మన ఎండ తోడైతే నోరు నీళ్లే అడుగుతుంది, అన్నం అడగదు. 520 కిలోక్యాలరీలు ఒక్క అన్నంతోనే పూడ్చాలంటే దాదాపు 146 గ్రాముల బియ్యం వండాలి. ఉడికితే 400 గ్రాముల పైమాటే. వేడెక్కి వచ్చిన మనిషి ముందు అంత కుప్ప పెడితే తినలేడు. తక్కువ చోటులో ఎక్కువ శక్తి ఉన్నవి, కొద్దికొద్దిగా, రెండు మూడుసార్లు తినడమే దారి. పొద్దున సగం పొట్లం, సాయంత్రం సగం. పప్పన్నంలో ఒక పెద్ద చెంచా నెయ్యి వేసుకుంటే సుమారు 120 కిలోక్యాలరీలు, కంచం పరిమాణం ఏమీ పెరగదు.

పాతబస్తీ చుట్టుపక్కల ఈ సూత్రం కొత్తదేమీ కాదు. రంజాన్‌లో సహరీకి ఖిచిడీ, ఖీమా, ఖట్టా కలిపి తినే ఇంట్లో ఎవరూ పట్టిక చూడలేదు. అన్నం, పప్పు, మాంసం, పులుపు ఒకే కంచంలో కుదిరాయి. ఇఫ్తార్ తర్వాత హలీం గిన్నె: గోధుమ, పప్పులు, మాంసం, నెయ్యి, గంటల తరబడి ఉడికి, మెత్తగా చితికి. రోజంతా ఉపవాసముండి బరువు నిలుపుకోవాలనుకునే పరుగువీరుడికి, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ వంటకం కన్నా నప్పేది ఉండదు. ఆ నెలలో ఇఫ్తార్‌కు ముందు మెల్లగా కాసేపు, లేదా రాత్రి భోంచేసి తేలికపడ్డాక పరుగెత్తితే, వెంటనే తాగడానికి, తినడానికి వీలుంటుంది. మాంసానికి కార్వాన్‌వాళ్లు దూరం పోనక్కర్లేదు, జియాగూడ మాంసం మార్కెట్ పక్కనే.

పరుగు మొదలైన కార్వాన్, పట్టిక దొరికిన తార్నాక, ఈ రెండింటి చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవాలి. కార్వాన్ అంటేనే బిడారు. గోల్కొండ వజ్రాల రోజుల్లో వర్తకులు విడిది చేసిన చోటు. కోటకూ కొత్త నగరానికీ నడుమ మూసీ మీద పురానాపూల్ 1578లో పూర్తయింది, ఆ దారిలో టోలీ మసీదును అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని మూసాఖాన్ 1671లో కట్టించాడు. తార్నాకలోని పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మెక్‌కారిసన్ చేతుల మీద బెరిబెరి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్ చేరింది.

ఆకలి అంటే ఏమిటో 36 మంది చెప్పారు

1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. 24 వారాలు సగం తిండి పెట్టి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించాడు. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. గుండె వేగం తగ్గింది, వేసవిలోనూ చలేసింది, కలల్లోనూ తిండే. మళ్లీ కోలుకోవడానికి నెలల తరబడి రోజుకు 4,000 కిలోక్యాలరీల దాకా కావాలని కీస్ తేల్చాడు.

1,600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు

2022లో తెలంగాణ పోలీసు నియామకాల్లో పురుషులకు పెట్టిన పరుగు ఇది. మహిళలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. పరీక్షకు ముందు నెలలో బరువు తగ్గితే వేగం వస్తుందని తిండి తగ్గించేవాళ్లు, అదే పరీక్షలో షాట్‌పుట్ గుండు కూడా విసరాలని గుర్తుంచుకోవాలి.

తూకం వేసుకునేటప్పుడు

పరుగు అయిన వెంటనే యంత్రం ఎక్కవద్దు. లీటరు చెమట పోతే కిలో తగ్గినట్టు చూపిస్తుంది. పొద్దున లేచి, కాలకృత్యాలు తీర్చుకుని, ఏమీ తినకముందు తూచుకుని, వారం సగటు రాసుకోవాలి. వరసగా మూడు వారాలు సగటు దిగుతుంటే పొట్లం చాలడంలేదని లెక్క.

పల్లీలు ఏరేటప్పుడు

ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన కొట్టేవి, చేదుగా తగిలేవి పారేయాలి. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి హాని చేస్తుంది, వేయించినంత మాత్రాన పోదు. పల్లీలు పడనివాళ్లు, తమకు పడేవైతే, శనగలు, నువ్వుల ఉండల వైపు వెళ్లాలి.