తడిస్తే బలం తగ్గే దారమే ఎందుకు గెలిచింది?

నూలు దారాన్ని తడిపితే దాని బలం పెరుగుతుంది. నీరు చేరి పీచులు ఉబ్బుతాయి, ఒకదాన్నొకటి ఒత్తుకుని లాగిన భారాన్ని సమంగా పంచుకుంటాయి. నైలాన్ అందుకు విరుద్ధం. దాని అణుగొలుసుల మధ్యకు నీరు దూరి పట్టు సడలిస్తుంది. తడిసిన నైలాన్ పదో వంతు బలాన్ని, ఒక్కోసారి అంతకంటే కాస్త ఎక్కువే కోల్పోతుంది. అయినా ఇవాళ పాకాల చెరువులోనైనా కొల్లేటిలోనైనా నూలు వల కనిపించడం అరుదు.

కారణం చెరువు నీటిలోనే ఉంది. పత్తి దాదాపు పూర్తిగా సెల్యులోజ్. దాన్ని తిని బతికే బ్యాక్టీరియాకు మన వెచ్చని చెరువుల్లో కొదవ లేదు. అలాగే వదిలేస్తే నూలు వల కొన్ని వారాల్లోనే చివికిపోతుంది. అందుకే తుమ్మ బెరడు లాంటి వగరు చెక్కలను ఉడికించి, ఆ కషాయంలో వలను నానబెట్టేవారు. చెక్కలోని టానిన్ బ్యాక్టీరియాను కొంతకాలం ఆపేది. తరవాత మళ్లీ పొయ్యి, మళ్లీ కషాయం. వేటకు పోయే మనిషి సమయాన్ని వల ఇలా తినేసేది.

1935లో డూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ తయారుచేసిన నైలాన్‌ను ఆ బ్యాక్టీరియా అరిగించుకోలేదు. పైగా తెగేలోపు అది నాలుగో వంతు దాకా సాగుతుంది. రెండు కిలోల బొచ్చె గింజుకున్నప్పుడు దారం లొంగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. తడిలో పోయిన బలాన్ని ఈ సాగుడు గుణం భర్తీ చేస్తుందని నా అంచనా.

ఇక పేనిన నైలాన్ మేలా, ఒంటిపోగు తంగూసు మేలా? నీటి వక్రీభవన గుణకం 1.33, నైలాన్‌ది సుమారు 1.53. కాబట్టి తంగూసు నీటిలో పూర్తిగా మాయం కాదు. సన్నగా, పారదర్శకంగా ఉండడం వల్ల చేపకు సులువుగా కనిపించదు, అంతే. వేసవిలో తేటపడిన చెరువులో దాని ఆధిక్యం స్పష్టం. వానలకు నీరు ఎర్రబారాక ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. విసురు వలకు మాత్రం నేను పేనిన దారాన్నే ఎంచుకుంటాను. మెత్తగా ఉంటుంది, చేతిలో మడతపడుతుంది, గుండ్రంగా విచ్చుకుంటుంది.

నైలాన్ కాక వాడే మరో దారం పాలిథీన్. దాని సాంద్రత 0.95, అంటే నీటిపై తేలుతుంది. తాళ్లకు, జలాశయాల్లో చేపలు పెంచే పంజరాలకు బాగుంటుంది. కాస్త బిరుసు కాబట్టి మొప్పల దగ్గర చేపను పట్టే సన్నని వలకు పనికిరాదు.

నైలాన్‌కు ఎండ పడదు. అతినీలలోహిత కిరణాలు అణుగొలుసులను తెంచుతాయి. నూలు వలలను గట్టున ఎండలో ఆరేసే పాత అలవాటు నైలాన్‌కు చేటు. దాన్ని నీడలో ఆరేయాలి.

నన్ను నిజంగా కలవరపెట్టేది తప్పిపోయిన వల. చెట్టు మోడుకు చిక్కి నీటిలో ఉండిపోయిన నైలాన్ వల కుళ్లదు, చేపలను పట్టడమూ ఆపదు. అందులో చిక్కి చచ్చిన చేప వాసనకు మరో చేప వస్తుంది. దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. బెండ్లను వలకు కషాయం పట్టించని నూలు దారంతో కట్టాలి. వల తప్పిపోతే ఆ కట్లు కొన్నాళ్లకు చివికి తెగుతాయి. బెండ్లు పైకి తేలిపోతాయి, సీసం గుండ్ల బరువుకు వల అడుగున కుప్పకూలుతుంది. వాడుకలో ఉన్న వలకు ఆ కట్లను అప్పుడప్పుడు మార్చుకుంటూ ఉండాలి. ఖర్చు ఒక నూలు ఉండ, ఒక సాయంత్రం పని.